జుజునా బామ్మ ఏ పార్టీ?

"లేస్తావా బామ్మా, లేపించమంటావా?"

గోచా అరుపు చౌరస్తా అవతలి రొట్టెల బట్టీ దాకా వినబడింది. జుజునా బామ్మ మాత్రం కదల్లేదు. లెనిన్ విగ్రహం దిమ్మెకు వీపు ఆనించి, ఇంటి నుంచి తెచ్చుకున్న పీట మీద బైఠాయించింది. ఆమె తల మీదుగా కంచు లెనిన్ ఎప్పట్లాగే చెయ్యి చాపి మా గని కొండను చూపిస్తున్నాడు. ఎదురుగా క్రేను గుర్రుమంటోంది. దాని పక్కన లారీ. మధ్యాహ్నంలోగా విగ్రహాన్ని దించి, లారీకెత్తి, కరిగించడానికి కొలిమికి పంపెయ్యాలని ఊరి కొత్త పాలకులు తీర్మానించారు. ఆ పని గోచాకు అప్పజెప్పారు.

మొన్నటిదాకా ఈ గోచాయే యువ కమ్యూనిస్టుల కార్యదర్శి. ఇదే విగ్రహం ముందు మా పిల్లల మెడలో ఎర్ర రుమాళ్ళు కట్టి ప్రమాణాలు చేయించాడు. ఇప్పుడు చొక్కా మీద అరచేతంత సిలువ వేలాడుతోంది. ఏ ఎండకా గొడుగు పట్టడం జార్జియాలో అందరికీ వచ్చిన విద్యే గానీ, ఇంత తొందరగా గొడుగు మార్చినవాణ్ణి మేమింకా చూడలేదు.

"డెబ్బై ఏళ్ళు మన నెత్తినెక్కి కూర్చున్నాడు. స్వతంత్రం వచ్చినా నీకీ ఎర్ర పిచ్చి వదల్లేదా?"

"నాకే పిచ్చీ లేదు. క్రేను తీసుకుని ఇంటికెళ్ళు నాయనా, నీ పీడ నాకు రానీ."

"పిచ్చి లేకపోతే ఏటేటా ఏప్రిల్లో వచ్చి ఇక్కడ వైన్ పోసి, రొట్టె ముక్క పెట్టి వెళ్తావెందుకు? లెనిన్ పుట్టినరోజు పార్టీవాళ్ళే మర్చిపోయారు, నువ్వు మర్చిపోలా!"

జనం గొల్లున నవ్వారు. బామ్మ ఏదో అనబోయి పెదవి కొరుక్కుంది.

అంతలో మార్కెట్ వైపు నుంచి ఎర్ర జెండాలు పట్టుకుని పదిమంది ముసలివాళ్ళు ఆయాసపడుతూ వచ్చారు. ముందు పాత పార్టీ పెద్ద మూర్మాన్ ఉన్నాడు. పార్టీ ఆఫీసుకు తాళం పడ్డాక ఆయన్ని పలకరించే దిక్కే లేదు. ఇప్పుడు ముఖం వెలిగిపోతోంది.

"చూశారా! ప్రజలు మనవైపే ఉన్నారు! సమాధి దగ్గర పోసినట్టు లెనిన్‌కు వైన్ పోసే మనిషిని ఎక్కడైనా చూశారా? కామ్రేడ్ జుజునా, నువ్వు లేవకు. మేమున్నాం!"

"ఎవడికిరా కామ్రేడ్‌ని?" బామ్మ కస్సుమంది. "మా నాన్నకు రెండు ఆవులున్నాయని, వాటిని లాక్కుని ఆయన్ని కజకిస్తాన్ తోలింది ఎవరు? మీవాళ్ళు కాదూ? వెళ్ళినాయన మళ్ళీ రాలేదు. ఆ గుడ్డముక్క నా మొహం మీద ఊపకు."

మూర్మాన్ జెండా కిందికి దిగిపోయింది.

"మరి ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!" గోచాకు హుషారొచ్చింది. "మనదంతా ఒకే పార్టీ అయితే, లేచి పక్కకు రా. మొదటి దెబ్బ నీతోనే వేయిస్తా."

"రాను."

"వాళ్ళ పార్టీ కాదు, మా పార్టీ కాదు. ఇంతకీ నువ్వు ఏ పార్టీ?"

"నన్ను విసిగించకు."

"మతి పోయింది ముసలిదానికి," అన్నాడు మూర్మాన్.

"నిజమే," అన్నాడు గోచా. వాళ్ళిద్దరూ ఒక మాట మీదికి రావడం మా ఊరు చూడ్డం అదే మొదలు.

గోచా గడియారం చూసుకున్నాడు. పైవాళ్ళు ఫోన్ చేసే వేళయింది. ఇద్దరు పనివాళ్ళు బామ్మను పీటతో సహా ఎత్తి పక్కన పెట్టి, లేవకుండా పట్టుకున్నారు. క్రేను తాడు విగ్రహం నడుముకు బిగిసింది.

"ఈ చాపిన చెయ్యి క్రేనుకు తగులుతోంది. ముందు దీన్ని కోసి లారీలో పడెయ్యండి," అన్నాడు గోచా.

నిచ్చెనెక్కిన పనివాడు గ్యాసు మంట వెలిగించాడు. ఆ నీలం మంట చూసేసరికి బామ్మకు ఎక్కడి బలం వచ్చిందో, పట్టుకున్నవాళ్ళను విదిలించుకుని వచ్చి గ్యాసు గొట్టం రెండు చేతులా పట్టేసుకుంది.

"తల కోసుకోండి! కాళ్ళు విరగ్గొట్టుకోండి! ఆ చెయ్యి ముట్టుకున్నారో, నన్ను చంపి ముట్టుకోవాలి!"

పనివాడు భయపడి మంట ఆర్పేశాడు.

"ఆ చేతిలో ఏముంది బామ్మా?" గోచా గొంతు మొదటిసారి తగ్గింది.

"ఈ విగ్రహం చేసినతను నెల రోజులు మా ఇంట్లోనే అద్దెకున్నాడు. లెనిన్‌వి గుమాస్తా చేతులు, గని ఊరికి నప్పవు అన్నాడు. గనిలో పనిచేసే మా ఆయన చేతికి నూనె రాసి, ప్లాస్టర్ ముద్దలో పెట్టి అచ్చు తీశాడు. ఆ చెయ్యి దాంతో పోసిందే. ఎక్కడా అనొద్దని మా చేత ఒట్టు వేయించుకున్నాడు. అప్పుడు చెబితే అతన్ని జైల్లో వేసేవాళ్ళు. ఇప్పుడు చెబితే మీరు నవ్వుతారు."

ఎవరూ నవ్వలేదు. మూర్మాన్ తల మీంచి టోపీ తీశాడు.

బామ్మ గొట్టం వదిలి గోచా మోచెయ్యి పట్టుకుంది.

"మిగతాదంతా నువ్వూ మూర్మానూ పంచుకోండి నాయనా. ఓ ఏప్రిల్లో గని కూలినప్పుడు మా ఆయన శవం దొరకలేదు. ఆ చెయ్యి నాకిచ్చేస్తే పాతిపెట్టుకుంటాను."