బీరువాకి మూడు తాళాలు

“బీరువా తియ్యండి బాబూ, మా ఆయన పోయాడు,” అంది నూకాలమ్మ ఏడుస్తూ, తెలుగు సంఘం గుమ్మంలో నిలబడి.

సీతారాండేరా బస్తీ తెలుగువాళ్లలో ఎవరు పోయినా పాడె తాళ్లు, కొత్తగుడ్డ, కుండ ఆ బీరువాలోంచే వెళ్తాయి. నిన్న సంఘం ఎన్నికల్లో గెలిచిన కమిటీవాళ్లు ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక దానికి మూడు తాళాలు వేసుకున్నారు.

ప్రెసిడెంటు నీలకంఠం, సెక్రటరీ జగ్గారావు మెడల్లో బంతిపూల దండలతో కుర్చీల్లో ఉన్నారు.

“జగ్గారావూ, నీ తాళం తియ్యి,” అన్నాడు నీలకంఠం.

“ముందు మీది తియ్యండి. నేను మీ నౌకర్ని కాదు.”

“మూడో చాబీ ఏదీ?”

“కేషియరు జేబులో ఏసుకుని డ్యూటీకి పోయాడు. అసలు లోపల గుడ్డ ఉందో నేదో చూశారేటి?”

“చూడ్డం సెక్రటరీ పని!”

నూకాలమ్మ ఏడుపు ఆగిపోయింది.

“నిన్న మా ఆయనకి జరంతో ఒళ్లు కాలిపోతన్నా ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చి ఓటేయించేరు. అప్పుడు ముందు నువ్వంటే నువ్వనుకోనేదు,” అంది. “బీరువా వద్దులెండి. ఒక దండ ఇయ్యండి. అదైనా ఆయన మీద ఏత్తాను.”

నీలకంఠం తన దండని రెండు చేతులా పట్టుకున్నాడు.

“ముందు నీది తియ్యి,” అన్నాడు జగ్గారావుతో.