వేరు కుంపటి

"ఇటలీలో పార్టీలు కలిసి గెలిచి, ఏడాది తిరక్కుండానే సొంత ప్రభుత్వాన్ని పడగొట్టుకుంటారా? అదేం రాజకీయమే తల్లీ!" కూతురు హాసిని ఇటాలియన్ క్లాసు హోంవర్కు చూసి భీమశంకరం పకపకా నవ్వాడు.

"ఎందుకలా చేస్తారో రాయాలి నాన్నా. నాకు అర్థం అవట్లే."

ఇంతలో తెలుగు సంఘం సెక్రటరీ నుంచి ఫోన్ వచ్చింది.

"ఏంటీ, ఉగాది ఫంక్షన్‌లో దీపం నేనుండగా పొత్తు ప్యానెల్ బ్రహ్మయ్య వెలిగిస్తాడా? ఐతే మా ప్యానెల్ మొత్తం రిజైన్ చేస్తాం. వేరు కుంపటి పెట్టుకుంటాం!"

విసురుగా ఫోన్ పెట్టేసి చూస్తే, హాసిని టకటకా టైప్ చేస్తోంది.

"అర్థమైందా?"

"ఇప్పుడే అయింది నాన్నా. థాంక్స్!"

భీమశంకరం మళ్ళీ ఫోన్ తీశాడు.

"దీపం ఆయన్నే వెలిగించమనండి. వత్తులు నేను ఓక్‌ట్రీ రోడ్డు ఇండియన్ స్టోర్‌లో కొనుక్కొస్తా."