నున్నటి నుదురు

నేను చెబితే కోతలంటారు గానీ, మండపేటలో ఇంటింటికీ ఫొటో మిషను వచ్చాక ప్రతి సోమవారం మనిషికో నలుపు తెలుపు బొమ్మ అచ్చేసి తలుపుకి అంటించాలి. బొమ్మలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ల నుదుటి మీది వెలుగులో సిరా చుక్కలు ఇసుకలా కనిపిస్తాయి. ఆ వెలుగు మీగడలా నున్నగా వచ్చిందంటే జబ్బున్నట్టే; మధ్యాహ్నం తెల్ల వ్యాను బొమ్మ చూసి మనిషిని ఎక్కించుకుపోతుంది. ఎక్కినవాళ్లు తిరిగి రారు.

మా పక్కింటి గవర్రాజు స్టూడియోలో నలభై ఏళ్లు ఫొటోలకు టచింగ్ చేసినవాడు, అంటే మొహాల మీద మచ్చా చుక్కా లేకుండా కుంచెతో నున్నగా దిద్దినవాడు. ఆ సోమవారం ఆయన భార్య నూకరత్నం బొమ్మ ఈగ వాలితే జారిపడేంత నున్నగా వచ్చింది.

"అయ్‌బాబోయ్, పెళ్లినాడు కూడా ఇంత అందంగా లేనండీ!" అందావిడ.

"నువ్వూరుకోవే. చుక్కలెట్టేత్తాను. నా చేతి పని ఆ యానుకేం తెలుత్తాది?"

సన్న కుంచెతో నుదుటినిండా చుక్కలు పెట్టాడు. ఒకటి ముదురుగా పడిందని దాని అంచు మెత్తబరిచాడు. పక్కది విడిగా కనిపిస్తోందని దాన్నీ కలిపాడు. అలవాటుపడిన చెయ్యి, ఆగదు కదా!

"ఏవండీ, అయ్యిందా? యాను మన సందులోకి తిరిగింది."

గవర్రాజు కుంచె దించి చూశాడు. నుదురు మిషను అచ్చేసినదానికంటే నున్నగా ఉంది.