బుజ్జి నోటి మాట

"వారంగా దీన్ని ఒక్కసారీ ఆపలేదు. బ్యాటరీ ఉబ్బిపోతోంది మామ్మగారూ!" దీప్తి గొంతు పెంచింది.

ఆరు దేశాలవాళ్ళు ముద్దుచేసిన ఈ తోడు రోబో బుజ్జిని రూపొందించింది తనే. ఇక్కడ చీరాలలో పరీక్ష తప్పితే తెలుగు మాట్లాడే బుజ్జి రద్దు. గంటలో కంపెనీకి జవాబు చెప్పాలి.

నాంచారమ్మ మగ్గం ఆపి, బుజ్జిని ఒళ్ళోకి లాక్కుంది. "నేనాపను."

"బటన్ నొక్కడం రాదా?"

"ఎందుకు రాదూ? మొదటిరోజే నొక్కా. 'నేను పోతున్నా' అన్నాడు, ఠక్కున వేలు తీసేశా. పసిబిడ్డ నోట ఆ మాటేంటమ్మా? మీ ఇంట్లో ఎవరూ నీకు చెప్పలేదా?"

బుజ్జి కళ్ళు ఎంతుండాలో తేల్చడానికి దీప్తికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ మాటను మాత్రం ఇంగ్లీషులోంచి అరనిమిషంలో దించేసింది.

గబగబా లాప్‌టాప్ తెరిచి బుజ్జి చెప్పే ఆ మాటను మార్చింది. "ఇప్పుడు నొక్కండి."

నాంచారమ్మ నొక్కింది.

"బజ్జుని వస్తా మామ్మా," అంటూ బుజ్జి కళ్ళు మూశాడు.

దీప్తి ఫోన్ మోగింది. కంపెనీ నుంచి.

"ఆ ఫోను బయటికి తీసుకుపో!" నాంచారమ్మ గుసగుసగా కసిరింది. "బిడ్డ లేస్తాడు."