మెత్తపోగు

విశ్వవిద్యాలయంలో ఇప్పుడు గొడవలు లేవు. ఉద్యోగంలో చేరిన రోజే అధ్యాపకుల చెవులకు మెత్తపోగు తగిలిస్తారు. ఎదుటివాళ్లు ఎంత కటువుగా మాట్లాడినా, అదే గొంతుతో మర్యాదగా మార్చి వినిపించడం దాని పని. తీస్తే సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఫిర్యాదుల కమిటీ గదిలో ఇప్పుడు విరిగిన కుర్చీలు పడేస్తున్నారు.

వృక్షశాస్త్ర విభాగంలో కనకవల్లి, గోవర్ధనం రోజూ ఒకే బల్ల దగ్గర భోంచేస్తారు. ఆ రోజు ఆమె క్యారేజీ విప్పకుండానే అడిగింది.

"నా దగ్గర రీసెర్చి చేస్తున్న రవళిని, నాకొక్క మాట చెప్పకుండా మీ కిందికి లాక్కున్నారు. సిగ్గనిపించలేదా సార్?"

"అయ్యో, దానికి థ్యాంక్సెందుకు మేడం!" గోవర్ధనం నవ్వాడు.

కనకవల్లి మళ్లీ అడగలేదు. రోజూ ఆయనకు వడ్డించే మాగాయ డబ్బా మూత బిగించి, సంచిలో పెట్టేసింది.

గోవర్ధనం వట్టి పెరుగన్నం రెండు ముద్దలు తిన్నాడు. థ్యాంక్స్ చెప్పిన మనిషి పచ్చడి దాచడమేమిటి? పోగు తీసి బల్లమీద పెట్టాడు.

"ఇప్పుడు చెప్పండి."

ఆమె తనదీ తీసి, అన్న మాటే మళ్లీ అంది. ఆయన ముఖం ఎర్రబడింది.

"ఆ పిల్ల రాసిన వ్యాసానికి మీ పేరొక్కటే వేసుకున్నారు. ఏడుస్తూ నా దగ్గరికొచ్చింది. నెల నుంచీ ఇక్కడే కూర్చుని మిమ్మల్ని తిడుతున్నాను మేడం! తిట్టినప్పుడల్లా నవ్వి, ఇంకో ముక్క వేసేవారు. అసలు మీకేం వినపడింది?"

కనకవల్లి సంచిలోని డబ్బా వైపు చూసింది.

"మాగాయ బాగుందని."