నునుపు

"ఆ సైకిల్ మీద చెయ్యి పడిందో, విరగ్గొడతా!"

అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది. తమ్ముడు మాత్రం హ్యాండిల్ వదల్లేదు.

"రంగు వేసి తెస్తానక్కా. పది రోజులు. అంతే."

"కుట్టుమిషను కూడా రిపేరనే పట్టుకెళ్ళావు. ఏదీ? గోడ గడియారానికి సెల్లు మారుస్తానన్నావు. ఏదీ? నాన్న గుర్తుగా మిగిలింది ఇదొక్కటే. దీన్నీ తాగెయ్యి, శని వదిలిపోతుంది."

రెండూ నిజాలే. తాగుడు మానేసి ఏడు నెలలైందనీ, పెయింటు షాపులో పనికి కుదిరాననీ చెప్పుకోవచ్చు. చెప్పుకున్నాడు కూడా. మానేశాను, మానేశాను అని విని విని అక్క చెవులు ఎప్పుడో మొద్దుబారిపోయాయి.

"పోనీవే, తీసుకెళ్ళనీ," అంది అమ్మ మంచం మీంచి. ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని బఠాణీలు ఒలుస్తోంది. చూపు పోయి నాలుగేళ్ళయినా ఒక్క గింజ కింద పడదు. మంచం నుంచి స్నానాల గదికి వెళ్ళాలంటే, గోడకి ఆనించిన ఆ సైకిల్ కడ్డీ పట్టుకునే నడుస్తుంది.

"ఒరే చిన్నోడా! నాన్న సైకిల్ మళ్ళీ తెచ్చి ఈ గోడకే ఆనించావంటే, ఇంటి తాళంచెవి నీ చేతిలో పెడతా. మీ అక్క మొత్తుకున్నా సరే."

ఆ తాళంచెవి లాక్కున్నది కూడా అమ్మే. ఎవరో ఒకరు తలుపు తీస్తే తప్ప సొంతింట్లోకి రాలేని కొడుకు వీడు.

షాపులో పెయింటు మేస్త్రీ సైకిల్ని చూసి మొహం అదోలా పెట్టాడు.

"ఎవడ్రా దీనికి రంగేసింది? చీపురుతో వేశాడా ఏంటి?"

"మా నాన్న."

"ఓహో. మనిషి మంచోడే అయ్యుంటాడులే."

మేస్త్రీని తప్పుపట్టడానికి లేదు. కుంచెతో పూత మీద పూత వేసిన రంగు, పై కడ్డీ పొడవునా కారిపోయి బొట్లు బొట్లుగా గడ్డకట్టి ఉంది. కడ్డీ మధ్యలో బొటనవేలు పట్టేంత సొట్ట. తమ్ముడు చక్రాలూ సీటూ విప్పేసి ఫ్రేముని కొక్కేనికి వేలాడదీశాడు. రంగు ఊడే మందు పూసి, పొక్కులు లేచాక రేకుతో గీకాడు. నలుపు కింద ఆకుపచ్చ, దాని కింద ఎరుపు. ఇనుము తేలాక గరుకు కాగితం పట్టాడు. సొట్టలో లప్పం కూరి, ఆరనిచ్చి అరగదీశాడు. సీటు కింద ఇనుములో చెక్కిన నంబరుని తుప్పు తినేసి గుంటలు చేస్తే, వాటినీ లప్పంతో పూడ్చేశాడు.

ఆరో రోజున పాత సామాను కొనేవాడొకడు వచ్చి ఫ్రేము చుట్టూ తిరిగాడు.

"గట్టి ఇనుము. ఇచ్చేస్తావా? మంచి రేటిస్తా."

"అమ్మేది కాదు."

"ఎంతైనా..."

"అమ్మేది కాదన్నానా! పోవయ్యా అవతలికి!" తమ్ముడు గరుకు కాగితం విసిరికొట్టాడు. మేస్త్రీ కిసుక్కున నవ్వాడు.

"చాల్లేరా, ఇక ప్రైమర్ కొట్టు. ఎన్నాళ్ళు రుద్దుతావు?"

"ఇంకా తగులుతోంది మేస్త్రీ."

"తగిలితే ఏం, ఎవరికి కనిపిస్తుందట?"

"కనిపించేదాని గురించి కాదు. మా అమ్మకి చూపు లేదు. ఏదైనా వేళ్ళతోనే చూస్తుంది."

మేస్త్రీ నవ్వు ఆపేశాడు. "అయితే కళ్ళు మూసుకుని రుద్దు. చెయ్యి గాజు మీద జారినట్టు జారాలి."

కళ్ళు మూసుకునే రుద్దాడు. వేళ్ళ చివర తోలు లేచిపోయింది. అమ్మ మెచ్చుకుంటుందనుకుంటే ఆ మంట కూడా హాయిగానే ఉంది, పిచ్చి సన్నాసికి! ప్రైమర్ మీద ముదురు నీలం రెండు పూతలు కొట్టాడు. తన జీతంతో కొత్త సీటు, కొత్త గంట వేయించాడు.

చెప్పిన గడువుకి ఒక రోజు ముందే వచ్చి తలుపు తట్టాడు. అక్క తలుపు తీసింది.

"అమ్మా, తెచ్చాడే! ఒట్టు, కొత్తదానిలా మెరిసిపోతోంది!"

ఆ గొంతులో వెటకారం లేదు. తమ్ముడు సైకిల్ని గోడకి ఆనించి, చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు.

అమ్మ దిండు కింద నుంచి తాళంచెవి తీసి పిడికిట్లో పెట్టుకుంది. లేచి వచ్చి, రెండో చెయ్యి కడ్డీ మీద వేసింది. చెయ్యి ఈ చివర నుంచి ఆ చివరకి జారిపోయింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. మధ్యలో ఆగి, బొటనవేలితో సొట్ట ఉండాల్సిన చోటే తడిమింది.

"ఎలా ఉందమ్మా? ఎక్కడైనా ఏమైనా తగులుతోందా?"

"లేదురా. ఏమీ తగలడం లేదు."

గంట మోగించి చూసింది. కూతురి వైపు తల తిప్పింది. "సీటు కింద నంబరుంటుంది. ఉందేమో చూడవే."

అక్క వంగి చూసింది. నీలం రంగు తప్ప ఏమీ లేదు. లేచి తమ్ముడి వంక చూసింది. మళ్ళీ ఆ పాత చూపే.

"అమ్మా, అది లప్పం కింద..."

అమ్మ వినిపించుకోలేదు. ఆసరాకి కూడా సైకిల్ని పట్టుకోకుండా, గోడ తడుముకుంటూ మంచం దగ్గరికి వెళ్ళి కూర్చుంది. తాళంచెవిని దిండు కిందకి తోసేసింది.

"మీ నాన్న సైకిల్ ఎంతకి అమ్మేశావురా?"