కాకుల డబ్బా

ఒడ్డున ఎండుచేప ఒక్కటి లేదు. కాకి ఒక్కటి లేదు. అయినా నీలమ్మ ఇసకలో నిలబడి ఖాళీ నూనె డబ్బాను కర్రతో కొడుతూనే ఉంది.

గున్నయ్య చెవులు మూసుకున్నాడు. ఆమె మొగుడు సన్యాసయ్య సముద్రంలోకి వెళ్ళి రాకుండా పోయి నెల దాటింది. ఆమె డబ్బా కొట్టడం మానలేదు. ఇంట్లో అతను అన్నం ముందు కూర్చున్నా అదే చప్పుడు. అది వినబడినప్పుడల్లా గున్నయ్యకు ఆఖరి ఆట గుర్తొస్తుంది.

బారువ ఊళ్ళో గున్నయ్యకూ సన్యాసయ్యకూ కలిపి ఒకటే తెప్ప. చిన్నది, ఒక మనిషికే సరిపోతుంది. వరసకు బావలు, వయసుకు ఈడు. మర్నాడు వేటకు ఎవరు వెళ్ళాలన్నది సాయంత్రం మూడు ముక్కలాట తేల్చేది. చెరో దోసెడు జీడిపిక్కలు ముందు పెట్టుకుని కూర్చునేవారు. పిక్కలైపోయినవాడు తెల్లారి సముద్రంలోకి. గెలిచినవాడు ఒడ్డున వల బాగుచేసుకుంటాడు. పడిన చేప చెరిసగం. అది వాళ్ళ నాన్నల నాటి పద్ధతి.

మనిషి ముఖం చూసి చేతిలో ముక్కలేమిటో చెప్పగలనని గున్నయ్యకు గొప్ప. ఊళ్ళో అందరి దగ్గరా ఆ పప్పులు ఉడికేవి. సన్యాసయ్య దగ్గర మాత్రం ఏడాదిగా ఉడకడం లేదు. ముక్కలెత్తి ముఖం ముందు పెట్టుకుంటాడు. మంచివొస్తే మెరుపు లేదు, చెత్తవొస్తే ముడత లేదు. గుప్పెడు పిక్కలు ముందుకు తోసి, గున్నయ్య తల మీదుగా సముద్రం వైపు చూస్తూ కూర్చుంటాడు. ముక్కలు విప్పాల్సి వస్తే గున్నయ్య ముందు పారేసి, “నువ్వే సూడు బావా” అంటాడు.

ఎంత పొగరో అనుకునేవాడు గున్నయ్య. అనుకుంటూనే భయపడి తన ముక్కలు పారేసి పందెం వదులుకునేవాడు. తెల్లారి తెప్ప తోసుకుని వెళ్ళేవాడు. సన్యాసయ్య ఓడిన రోజులు తక్కువ. ఆ రోజుల్లో ఆయన వేట కూడా అంతంతమాత్రమే, దగ్గర్లోనే తిరిగి వచ్చేసేవాడు.

ఆట అయ్యేసరికి నీలమ్మ వచ్చి మొగుణ్ణి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళేది. ఈ వయసులో కొత్త కాపురమేమిటని ఊరు నవ్వేది. మొగుడు వేటకెళ్తే ఇంట్లో ఉండబుద్ధి కాక, ఎండుచేపల దగ్గర నిలబడి డబ్బా కొట్టి కాకుల్ని తోలేది.

గున్నయ్య అల్లుడు గోవింద్ విశాఖలో ఇంటర్నెట్ సెంటర్ నడుపుతాడు. కంప్యూటర్లో పోకర్ ఆడతాడు, ఆ ఆట లెక్కలన్నీ చదివాడు. అత్తవారింటికొచ్చినవాడు కొన్ని సాయంత్రాలు వీళ్ళ ఆట చూశాడు.

“ఆయన ముఖం సూడ్డం ఒగ్గీ మావా,” అన్నాడు. “అందులో ఏటీ నేదు. ముక్కల సంగతి ఆ ముఖానికి తెలిస్తే కదా.”

“మరేటి సెయ్యమంటావు?”

“మంచి ముక్కలుండి తోసినా, ఉత్తినే తోసినా ఆయన ఒక్కలాగే తోత్తన్నాడు. అలాటోడితో అనుమానంతో ఆడకూడదు, నమ్మకంతోనూ ఆడకూడదు. మంచి ముక్కలొస్తే ఎలాగూ విప్పించు. చెత్తయితే పారీ. మధ్యరకం వస్తే వాచీ సూడు. సెకన్ల ముల్లు కుడి సగంలో ఉంటే విప్పించు, ఎడమ సగంలో ఉంటే పారీ. నువ్వేటి సేత్తావో నీకే ముందు తెలీకపోతే, ఆయనకేటి తెలుస్తాది? ఇంక దొంగ పందేనికి లాభం ఉండదు.”

తన వాచీ తీసి మావ చేతికి కట్టాడు.

ఆ సాయంత్రం సన్యాసయ్య ఆలస్యంగా వచ్చాడు.

“రేపటికి ఆట వొద్దు బావా. ఎల్లుండి సూద్దాం. మీ సెల్లి ఎండుసేప అమ్మడానికి పలాస ఎల్లింది. రేపు సాయంత్రం గానీ రాదు.”

గున్నయ్యకు నవ్వొచ్చింది. “అది నేకపోతే ఏటి? సముద్రంలో నీకు అన్నం ఒండి పెడతాదేటి?”

సన్యాసయ్య జీడిపిక్కలు ముందు పోసుకుని కూర్చున్నాడు. “సరే, పంచు.”

ఆట కాసేపు అటూ ఇటూ సాగింది. చివరి పంపకంలో గున్నయ్యకు నాలుగుల జత పడింది. సన్యాసయ్య తన పిక్కలన్నీ కూడదీసి ముందుకు తోశాడు. ఎప్పటిలాగే సముద్రం వైపు ముఖం. గున్నయ్య చెయ్యి అలవాటుగా ముక్కలు పారేయబోయింది. ఆగి, వాచీ చూశాడు. ముల్లు కుడి సగంలో ఉంది.

తన పిక్కలు తోసి, “విప్పు బావా” అన్నాడు.

“నువ్వే సూడు.”

రెండు, ఐదు, తొమ్మిది. రంగు కూడా కలవలేదు.

“ఓడిపోనానా?” అన్నాడు సన్యాసయ్య నెమ్మదిగా.

“ఓడిపోనావు.” గున్నయ్యకు ఏడాది కసి తీరింది.

సన్యాసయ్య లేచి, పక్కనే ఆట చూస్తున్న గోవింద్ భుజం మీద చెయ్యి వేశాడు. “ఇంటి దాకా తోడు రా బాబూ” అన్నాడు. తన ఉపాయంతో ఓడినా తన మీద కోపం లేదే అని గోవింద్ మురిసిపోయాడు.

తెల్లారి సన్యాసయ్య తెప్ప తోసుకుని వెళ్ళేసరికి సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది. అల చప్పుడు కూడా అంతగా లేదు. కొత్తగా తెప్ప ఎక్కినవాడైనా తిరిగొచ్చే రోజు. మూడోనాడు తెప్ప డొంకూరు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మనిషి రాలేదు.

అంత చెయ్యి తిరిగిన వేటగాడు అంత నెమ్మదైన సముద్రంలో ఎలా తప్పిపోయాడో గున్నయ్యకు అర్థం కాలేదు. పంపింది మాత్రం తనే. వాచీ అల్లుడికిచ్చేశాడు. మళ్ళీ పేక ముట్టలేదు. కళ్ళు మూస్తే తన తల మీదుగా చూసే ఆ ముఖం. తెరిస్తే డబ్బా.

ఇక తట్టుకోలేక ఒడ్డుకు వెళ్ళి, నీలమ్మ చేతిలో కర్ర పట్టుకున్నాడు.

“ఇంక ఒగ్గీ సెల్లీ. సేపా నేదు, కాకీ నేదు. ఎవులికోసం కొడతన్నావు?”

నీలమ్మ కర్ర విడిపించుకుని మళ్ళీ డబ్బా మీద వేసింది.

“కాకులకోసం కాదన్నియా, మీ బావకి కళ్ళు అవుపడక ఏడాదయ్యింది, ఈ సప్పుడు ఇనే ఒడ్డుకొచ్చీవోడు.”